బ్రాక్‌నెల్ నుంచి యాక్టన్ దాకా

మా అమ్మాయి కాపురం ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1949లో, కొత్త పట్టణంగా ఎంపిక చేసి కట్టిన ఊరది. పాతవాటి మీద మోజున్న నాలాంటివాడికి అక్కడ దొరికేది తక్కువ. రైలు మాత్రం 1856లోనే వచ్చింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి పైకి చూశాను, కరెంటు తీగలు లేవు. పట్టాల పక్కనే ఇంకో పట్టా ఉంది. కరెంటు ప్రవహించేది అందులోనే. 1939 జనవరి 1 నుంచి సదరన్ రైల్వే ఈ దారిలో కరెంటు రైళ్లు నడిపింది. అప్పటి రెండు పెట్టెల బండి ఒకటి, 2090 నంబరుది, బ్రిటన్ జాతీయ రైల్వే సేకరణలో ఉంది.

ఆ ఉత్సాహమే నన్ను ఓ శనివారం లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం వారి యాక్టన్ డిపోకు నడిపించింది. అక్కడ ఏడాదిలో కొన్ని రోజులే అందరికీ తలుపులు తెరుస్తారు. రిచ్‌మండ్‌లో దిగి లండన్ అండర్‌గ్రౌండ్ వారి డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కాను. ఇక్కడ కరెంటు పట్టాలే రెండు, మొత్తం నాలుగు! టర్నమ్ గ్రీన్‌లో బండి మారితే, తర్వాత రెండో స్టేషనే యాక్టన్ టౌన్.

షెడ్డులో అడుగుపెట్టగానే నూనె, పాత కర్ర, కొత్త రంగు కలిసిన వాసన. నేను వెళ్లింది క్యూ స్టాక్ అనే పాత డిస్ట్రిక్ట్ లైన్ రైలు పెట్టెల కోసం. 1923 నాటి 4184 నంబరు పెట్టెకు పైకప్పు మధ్యలో ఎత్తుగా లేచి ఉంటుంది. 1938 నాటి 4416కు పక్కలు కిందికి వచ్చేసరికి పరికిణీ అంచులా విచ్చుకుంటాయి. ఇలా వేర్వేరు కాలాల పెట్టెల్ని ఒకే రైలుగా కలిపి నడిపేవారు. తాతా మనవళ్లు ఒకే బంతిలో భోజనానికి కూర్చున్నట్టు! 1971తో వీటి కొలువు ముగిసింది.

వీటిని మళ్లీ పట్టాలెక్కించాలని పాటుపడుతున్నది జీతం లేని మనుషులు. ఓ పెద్దాయన కిటికీ చట్రం మీద రంగు గీకుతున్నాడు. పొర కింద పొర. ఒక మూల మాత్రం గీకకుండా వదిలేశాడు. ఎందుకని అడిగాను. ఏ కాలంలో ఏ రంగు వేశారో తర్వాతివాళ్లకు తెలియాలి గదా అన్నాడు. పెట్టెల్లోని పాత తీగల మీది తొడుగు పెళుసెక్కి పట్టుకుంటే రాలిపోతుంది. బండి నడవాలంటే మార్చక తప్పదు, మారిస్తే అసలుది పోతుంది. ఆ బెంగ వాళ్లకూ ఉంది. నా మట్టుకు నేను నడవాలనే అంటాను. మోటారు చప్పుడు, గాలి ఒత్తిడితో తలుపులు మూసుకునే ఆ నిట్టూర్పు, నిలబెట్టిన పెట్టెలో ఎక్కడ వినిపిస్తాయి?

తిరుగు ప్రయాణమంతా మద్రాసే గుర్తొచ్చింది. మాంబళంలో పెదనాన్నగారింటికి సెలవులకు వెళ్లినప్పుడు మేమెక్కిన మీటర్‌గేజి కరెంటు రైళ్లు! బీచ్ నుంచి తాంబరం దాకా 1931 మే 11న మొదలైన ఆ బండ్లు 2004లో ఆగిపోయాయి. వాటి మోటార్లు విప్పి బిగించిన చేతులు ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ అరుగు మీద ఉన్నాయో!

అలాంటి రైల్వే పని లాలాగూడలోనో కాజీపేటలోనో బెజవాడ షెడ్డులోనో చేసి రిటైరైన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకుని వాళ్ల పక్కన కూర్చోండి. ఏ బోల్టు ఎలా విప్పేవారో చెప్పించుకుని రాసిపెట్టండి.