నాకు ఏ కలా రాలేదు

చర్చిలో పెరిగిన వాళ్లకు సాక్ష్యాలు కొత్త కాదు. ఒకాయనకు జ్వరంలో వెలుగు కనిపించింది. ఇంకొకాయన బస్సు ప్రమాదంలో బతికి బయటపడి ఆ రాత్రే సేవకు ఒప్పుకున్నాడు. డిగ్రీ అయ్యాక నేను ‘సేవకు పోదామనుకుంటున్నా’ అంటే అందరూ అడిగింది ఒకటే. ‘పిలుపు ఉందా? దేవుడు ఎట్లా మాట్లాడినాడు?’ నా దగ్గర చెప్పడానికేమీ లేదు. జ్వరం వస్తే డోలో వేసుకుని పడుకున్నా. కలలో పరీక్ష హాలు తప్ప ఏమీ రాలేదు.

పైగా చేతిలో బెంగళూరు కంపెనీ ఆఫర్ లెటర్ ఉంది. అమ్మ దృష్టిలో అదే పిలుపు.

మాది సీఎస్ఐ. ఇక్కడ నేనొక్కణ్నే అనుకుంటే సరిపోదు. మన సంఘం సిఫార్సు చేయాలి, డయాసిస్ చూసి పంపాలి. ఆ తర్వాతే హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, గ్రీకు, హీబ్రూ, అన్నీ. ఉద్యోగంలో చేరడానికి నాలుగు నెలల గడువుందని తెలిసి మా అయ్యగారు, ‘ఆ నాలుగు నెలలూ తిరుగు. నువ్వు సంఘాన్ని చూడు, సంఘం నిన్ను చూస్తుంది’ అన్నారు. మదనపల్లెలో సండే స్కూలు, పుంగనూరులో గృహ కూడిక, రెండు వారాలకోసారి కుప్పంలో ఆయనకు తెలిసిన ఓ చిన్న సంఘం.

మదనపల్లెలో సేవ అనే మాట ఎత్తితే పెద్దవాళ్లు డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ దగ్గర మొదలుపెడతారు. ఆర్కాట్ మిషన్ తరఫున అమెరికా నుంచి వచ్చి, 1863 నుంచి ఇక్కడ పనిచేసి, 1908లో ఇక్కడే కన్నుమూసిన మనిషి. మందూ ఇచ్చేవాడు, వాక్యమూ చెప్పేవాడు. అడవిలో పులుల మధ్య ఆయన ప్రయాణాల కథలంటే అందరికీ ఇష్టం. నాకైతే తెలుగు బైబిల్ సవరణ కోసం ఏళ్ల తరబడి ఓపిగ్గా కూర్చున్నాడే, ఆ సంగతి ఎక్కువ నచ్చింది.

పుంగనూరు అంటే మీకు పొట్టి ఆవులు గుర్తొస్తాయి. నాకు ఎనిమిది మంది కూడిక, కరెంటు పోతే ఫోన్ టార్చి వెలుగులో పాటల పుస్తకం. అక్కడి నుంచి కుప్పం పోవాలంటే పలమనేరు మీదుగా బస్సు. 1880ల చివర్లో ఆర్కాట్ మిషన్ వేదాంత పాఠశాల పెట్టింది ఆ పలమనేరులోనే. ఇప్పుడు బస్టాండులో టీ తాగేవాళ్లలో ఎవరికి తెలుసు?

కుప్పంలో మూడు రాష్ట్రాల భాషలూ ఒకే ఇంట్లో వినిపిస్తాయి. కుర్రాళ్లు తెల్లారి రైలెక్కి బెంగళూరు పనికి పోతారు, ఆదివారం నిద్రకే సరిపోతుంది. మూడో నెలలో ఒక శనివారం నేనక్కడ ఉండగా ఒక అవ్వ భర్త చనిపోయాడు. పాస్టరుగారు వేరే ఊళ్లో ఉన్నారు, సాయంత్రానికి గానీ రాలేరు. ‘నువ్వు పో’ అన్నారు ఫోన్లో.

నేను ఆదివారానికి సిద్ధం చేసుకున్న వాక్యం ఆ ఇంట్లో పనికిరాలేదు. వచ్చినవాళ్లలో సగం మంది తమిళంలో ఏడుస్తున్నారు. చిన్న ప్రార్థన చేసి అవ్వ పక్కన చాప మీద కూర్చున్నా. మధ్యలో లేచి కుర్చీలు వేశా, నీళ్లు పోశా, మళ్లీ కూర్చున్నా. సాయంత్రం పాస్టరుగారు వచ్చి సమాధి కార్యక్రమం జరిపించారు.

రెండు వారాల తర్వాత పోతే అవ్వ చెయ్యి పట్టుకుంది. ‘నువ్వు చెప్పిందాంట్లో సగం నాకు తెలీలేదు నాయినా. పారిపోకుండా కూర్చుంటివే, అది చాలు. మళ్లీ ఎప్పుడొస్తావు?’

తిరుగు బస్సులో సమూయేలు గుర్తొచ్చాడు. మూడుసార్లు పిలుపు వినిపించినా ఆ పిల్లాడు అది దేవుడనుకోలేదు, ఏలీ దగ్గరికి పరిగెత్తాడు. పిలిచిందెవరో గ్రహించింది కళ్లు మసకబారిన ఆ ముసలాయనే. మన సాక్ష్యాల్లో ఏలీ ఎందుకుండడో! నా చెవికి మాత్రమే వినిపించే పిలుపైతే నాకే అనుమానం. అది నా గొప్ప కోసం కావచ్చు, ఉద్యోగమంటే భయం కావచ్చు. అవ్వకు నన్ను మెప్పించాల్సిన అవసరం లేదు, అయినా రమ్మంది.

సిఫార్సు మీటింగులో పిలుపు గురించి అడిగితే ఇదే చెప్పా. ఒక పెద్దాయనకు సరిపోలేదు. ‘వాక్యం ద్వారా ఏమైనా?’ అని రెండుసార్లు అడిగాడు. స్త్రీల సమాజం నుంచి వచ్చిన ఒకామె మాత్రం, ‘తమిళం నేర్చుకుంటావా?’ అంది. నేర్చుకుంటానన్నా.

లేఖ ఇచ్చారు. డయాసిస్ ఇంటర్వ్యూ ఇంకా ఉంది, అక్కడ కాదనొచ్చు. ఆఫర్ గడువు మాత్రం పోయిన శుక్రవారం ముగిసింది. ఆ రోజంతా అమ్మ నాతో మాట్లాడలేదు. రాత్రి, ‘కుప్పం ఈ వారమా, వచ్చే వారమా?’ అని అడిగి, అవ్వకు ఇవ్వమని ఊరగాయ సీసా నా బ్యాగు పక్కన పెట్టింది.