128 పేజీల్లో ఒక ‘ర్య’

నరసరావుపేట మల్లమ్మ సెంటర్ చుట్టుపక్కల నాలుగడుగులు వేస్తే డీటీపీ బోర్డు కనపడుతుంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఫ్లెక్సీలు. శివరాత్రి దగ్గరపడితే కోటప్పకొండ తిరనాళ్ల పనితో ఈ షాపుల్లో తలెత్తే తీరిక ఉండదు. నేను వెళ్ళింది ఆ రద్దీ లేని రోజుల్లో. ఒక రిటైర్డ్ మాస్టారు రాసిన పల్నాటి ఊళ్ళ కథల పుస్తకాన్ని ఇంకా పరీక్షల దశలోనే ఉన్న సాఫ్ట్‌వేర్‌లో కూరుస్తున్నారనీ, పీడీఎఫ్ చేయబోతే చాలు అది మూసుకుపోతోందనీ తెలిసి, చూద్దామని వెళ్ళాను.

షాపులో రెండే సిస్టమ్‌లు. ఓనరు ముందున్న దానిలో పేజ్‌మేకర్ నడుస్తోంది. ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 2001 నాటి 7.0 తర్వాత పెద్ద వెర్షనేదీ రాలేదు. అయినా తెలుగు అచ్చుపనిలో ఇంకా బతికే ఉందంటే అను ఫాంట్ల పుణ్యమే. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టులూ వత్తులూ ముక్కలు ముక్కలుగా సర్దిన ఫాంట్లవి. తాను తెలుగు కూరుస్తున్నానన్న సంగతి పేజ్‌మేకర్‌కి తెలియనే తెలియదు.

చిక్కు రచయితల వైపు నుంచి వచ్చింది. మాస్టారు పుస్తకమంతా ఫోన్లో కొట్టి వాట్సాప్‌లో పంపారు. అది యూనికోడ్. పేజ్‌మేకర్‌కి అది ఎక్కదు. కన్వర్టర్‌లో వేసి అనులోకి మారిస్తే అక్కడక్కడా వత్తులు ఎగిరిపోయి ప్రూఫు పని రెండింతలవుతుంది. అడోబీ వాళ్ళదే ఇన్‌డిజైన్ వాడదామంటే చందా కట్టాలి. అందుకని ఓనరు అన్న కొడుకు, ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు, తన లాప్‌టాప్‌లో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ వేసి స్క్రైబస్ మొదలుపెట్టాడు.

స్క్రైబస్ పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్. ఫ్రాంజ్ ష్మిడ్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టగా, ఆ తర్వాత స్వచ్ఛందంగా చేరినవాళ్ళు పెంచుకొస్తున్నారు. చాలాకాలం అందులో తెలుగు కొడితే వత్తులు కిందికి దిగకుండా విడివిడిగా నిలబడేవి. అక్షరాలను కలిపి కూర్చే హార్ఫ్‌బజ్ అనే భాగాన్ని దానికి జతచేసే పని ఒమన్ దేశపు ఓపెన్ సోర్స్ బృందం ఒకటి తలకెత్తుకుంది. వాళ్ళకు కావలసింది అరబిక్. 2017లో 1.5.3 వెర్షన్‌తో ఆ పని జనంలోకి వచ్చింది, దాంతోపాటు మన వత్తులూ కుదురుకున్నాయి. పల్నాడులో ఒక పుస్తకం కూర్చడానికి ఒమన్ వాళ్ళు సాయపడ్డారంటే ఓనరు నమ్మలేదు.

ఈ సాఫ్ట్‌వేర్ వెర్షన్లలో రెండో అంకె సరి సంఖ్య అయితే నమ్మి వాడుకోవచ్చు, బేసి అయితే ప్రయోగం. 2024 జనవరి 1న వచ్చిన 1.6.0 స్థిరమైనది. కుర్రాడు వాడుతున్నది 1.7. స్థిరమైనది ఉండగా ఇదెందుకని అడిగితే, “కొత్తగా ఏం పెట్టారో చూద్దామని సార్” అన్నాడు. “చూద్దామని మాస్టారి పుస్తకం మీదా?” అని బాబాయి గొణిగాడు. న్యాయంగా బాబాయి మాటే రైటు.

కానీ కూలిపోయిన ఫైలుతో కుర్రాడు నడుచుకున్న తీరు నాకు బాగా నచ్చింది. పీడీఎఫ్ బటన్ నొక్కగానే ప్రోగ్రాం ఒక్క క్షణం బిగుసుకుపోయి, సిగ్నల్ నంబర్ 11 అని ఒక పెట్టె చూపించి మాయమైంది. తనది కాని మెమరీలో ప్రోగ్రాం వేలు పెడితే సిస్టమ్ దాన్ని అక్కడికక్కడే ఆపేసేటప్పుడు ఇచ్చే సంకేతమది. కుర్రాడు కంగారుపడలేదు. అసలు ఫైలున్న ఫోల్డర్ తెరిచి, దాని పక్కనే ‘ఎమర్జెన్సీ’ అన్న తోకతో ఇంకో ఫైలు పడి ఉండటం చూపించాడు. పోతూ పోతూ స్క్రైబస్ చేతనైనంతలో దాచిపెట్టే కాపీ అది. చాలామంది దాన్ని చూడకుండానే మళ్ళీ మొదటినుంచి కూర్చుకుంటారు.

ముందు సెట్టింగుల ఫోల్డర్ పేరు మార్చాడు. అలా చేస్తే ప్రోగ్రాం పాత లెక్కలన్నీ మరిచి కొత్తగా లేస్తుంది. ఫలితం లేదు, మళ్ళీ అదే పెట్టె. ఇక సగాల పద్ధతికి దిగాడు. పుస్తకం ఎనిమిది ఫారాలు, అంటే 128 పేజీలు. కాపీ తీసుకుని, వెనక 64 పేజీలు కొట్టేసి పీడీఎఫ్ చేశాడు. చక్కగా వచ్చింది. అంటే రోగం వెనక సగంలో ఉంది. దాన్ని మళ్ళీ సగం చేశాడు. 128ని ఇలా విరగ్గొడుతూ పోతే ఏడో విడతకి ఒక్క పేజీ మిగులుతుంది. ఈ లెక్క అతను చెప్పేదాకా నాకూ తట్టలేదు. పేజీ పేజీ వెతికితే సాయంత్రం దాటేది, ఇలా టీ చల్లారేలోపే తేలిపోయింది.

మిగిలిన పేజీలో శీర్షిక ‘కార్యమపూడి’. కారంపూడికి పాత పేరు. శీర్షికకు వాడింది ఎక్కడో ఉచితంగా దించుకున్న అలంకారపు ఫాంటు. కుర్రాడు అక్షరాలు ఒక్కొక్కటే చెరిపాడు. ‘డి’ తీసినా కూలింది, ‘పూ’ తీసినా కూలింది. ‘ర్య’ తీయగానే పీడీఎఫ్ వచ్చేసింది. మళ్ళీ ‘ర్య’ పెట్టి ఫాంటును ‘మండలి’ అనే ఇంకో తెలుగు ఫాంటుకి మార్చాడు. అప్పుడూ వచ్చింది.

ఫాంట్లను విప్పి సరిచూసే ఫాంట్‌ఫోర్జ్‌లో ఆ అలంకారపు ఫాంటును తెరిచి పరీక్ష పెడితే తప్పులు వరసకట్టాయి. లోపం ఫాంటుదే. అయినా చెడ్డ ఫాంటు ఎదురైతే ప్రోగ్రాం దాన్ని వద్దని చెప్పాలే గానీ తానే కూలకూడదు. ఆ సంగతి తయారుచేసేవాళ్ళకు చెప్పాలి. ఎక్కడో కూర్చున్న ప్రోగ్రామర్‌కి రకారం కింద యకారం దిగే చోటే దెబ్బ తగులుతుందని ఎట్టా తెలుస్తుంది? తెలుగులో మాత్రమే బయటపడే తప్పును తెలుగు కూర్చేవాళ్ళే పట్టుకోవాలి. మన డీటీపీ వాళ్ళలో చాలామంది “హ్యాంగయింది” అని ఒక్క మాటతో సరిపెట్టి రీస్టార్ట్ కొడతారు. ఆ అలవాటు వల్ల మనం నష్టపోయింది చాలా ఉంది.

“మనం రాస్తే వాళ్ళు చూస్తారంటావా?” అన్నాడు ఓనరు.

“చూడకపోతే మనదేం పోద్ది బాబాయ్? ఒక్క పదం ఫైలేగా” అంటూ కుర్రాడు శీర్షిక ఒక్కటే ఉన్న కొత్త ఫైలు తయారుచేసి, వెర్షన్ నంబరు, ఉబుంటు వివరం, ఫాంటు పేరు రాసి స్క్రైబస్ వాళ్ళ తప్పుల చిట్టాలో నమోదు చేశాడు. మాస్టారి పుస్తకం మొత్తాన్ని జతచేయకుండా పదం ఒక్కటే పంపడంలోనే అతని తెలివి కనపడింది. చూసేవాడికి పని తేలిక, మాస్టారి రాత గడప దాటదు.

ఓనరు ఆ రోజే రెండు షరతులు పెట్టాడు. తిరనాళ్ల పని, తేదీ మీద ఇవ్వాల్సిన పని ప్రయోగపు వెర్షన్‌లో చేయకూడదు. పుస్తకం ఎంత కూర్చినా సాయంత్రం ఆ రోజు తేదీతో వేరే కాపీ దాచి, పీడీఎఫ్ తీసి చూడాలి. ఒకప్పుడు 1.5లో దాచిన ఫైళ్ళు 1.4లో తెరుచుకునేవి కావు. ఇప్పుడైనా కొత్తదానిలోంచి వెనక్కి రావచ్చులే అని ధీమాగా ఉండటానికి లేదు.

మీ షాపులోనూ ఏ సాఫ్ట్‌వేరైనా ఇలా కూలితే ఆ ఫైలు చెరిపేయకండి. కాపీ తీసి, సగాలు చేసి, తప్పున్న ముక్కను ఫాంటు పేరుతో సహా తయారుచేసినవాళ్ళకు పంపండి. వచ్చీరాని ఇంగ్లీషులో రాసినా ఫరవాలేదు, ఫైలుంటే వాళ్ళకు అర్థమవుతుంది.