జట్టు పచ్చి అన్న తరువాత

పిల్లలూ! "ఇవాళ్టినుంచి నీ జట్టు పచ్చి!" అన్న మాట మీలో ఎన్నడూ అనని వాళ్ళూ, అనిపించుకోని వాళ్ళూ ఉన్నారా? ఉంటే వాళ్ళు ఇది చదవనక్కర లేదు, హాయిగా పక్క పేజీలో కథ చదువుకోవచ్చు. మిగిలినవాళ్ళు ఇలా వచ్చి కూర్చోండి.

కొన్ని ఊళ్ళల్లో "పచ్చి" అంటారు, కొన్ని ఊళ్ళల్లో "కచ్చి" అంటారు, మరికొన్ని చోట్ల "కటీఫ్" అంటారు. మాట ఏదయినా జరిగేది ఒకటే. అంతవరకూ ఒకే పుస్తకంలో తలలు దూర్చి చదువుకున్న ఇద్దరు, ఆ మాటతో చెరో మూలకు పోయి కూర్చుంటారు. పెద్దవాళ్ళు చూసి, "పిల్లల తగువులకేం! తెల్లవారితే మరిచిపోతారు," అని నవ్వుతారు. అది చాలావరకు నిజమే. కాని తెల్లవారేదాకా ఆ రాత్రి ఎంత పొడుగ్గా ఉంటుందో, నిద్రపట్టక దొర్లినవాడికే తెలుసు.

నేను ముప్పయి ఆరు సంవత్సరాలపాటు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి, ప్రధానోపాధ్యాయుడుగా విశ్రాంతి తీసుకున్నాను. ఎన్ని ఎక్కాలు చెప్పానో, అన్ని తగువులూ విన్నాను. పెన్సిలు తీసుకుని ఇవ్వలేదని తగువు. ఆటలో తొండి చేశాడని తగువు. మారుపేరు పెట్టి పిలిచాడని తగువు. చెవిలో చెప్పిన సంగతి ఊరంతా చాటిందని తగువు. వీటన్నిటికన్నా ఎక్కువ ఏడిపించే తగువు మరొకటి ఉంది: "నన్ను కాదని దానితో కూర్చుంది!" అన్నది.

తగువు వచ్చినట్టు పిల్లలు చెప్పకపోయినా మాకు తెలిసిపోయేది. 2003 జనవరిలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, బళ్ళల్లో మధ్యాహ్నం పూట అన్నం వండిపెట్టటం మొదలయింది. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. నిన్న ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఇవాళ ఎవరు కూర్చోలేదు అని ఒకసారి అటునుంచి ఇటు చూస్తే చాలు, బడిలో సంగతులన్నీ తెలిసిపోయేవి.

ఇక ఒక తగువు సంగతి చెబుతాను. పేర్లు మాత్రం చెప్పను, ఎందుకంటే ఇప్పుడు వాళ్ళు పెద్దవాళ్ళయారు.

అది 2005లో, సంక్రాంతి సెలవులు అయిపోయిన తరువాత. అప్పుడు నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరి బడిలో పనిచేస్తున్నాను. అయిదు తరగతులకూ కలిపి ఇద్దరమే పంతుళ్ళం. ఒకనాడు పొద్దున్నే ఒక ముసలమ్మ నాలుగో తరగతి చదివే తన మనవరాల్ని చెయ్యి పట్టుకుని తీసుకువచ్చింది.

"మాస్టారూ, నాలుగు రోజులబట్టి దీనికి బడివేళకి కడుపునొప్పి వస్తోందండీ. వాము నీళ్ళు తాగించాను. డాక్టరుగారికి చూపిస్తే ఏమీ లేదన్నారు. బడివేళ దాటితే నొప్పీ ఉండదు. దీనికేమన్నా చదువు రావటంలేదాండీ?" అని అడిగింది.

చదువు రాకేం! ఎక్కాలు అందరికన్నా ముందు అప్పజెప్పేది ఆ పిల్లే. కాని నాలుగు రోజులకు ముందు అన్నం వరసలో ఆ పిల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చునేవాళ్ళు: ఒకతె పొడుగు జడ పిల్ల, ఒకతె ఎర్ర రిబ్బను పిల్ల. ఇప్పుడు వాళ్ళిద్దరూ వరసకు ఆ చివర ఒకరూ, ఈ చివర ఒకరూ కూర్చుంటున్నారు.

ఆ మధ్యాహ్నం ముగ్గుర్నీ వేపచెట్టు కింద అరుగుమీద కూర్చోబెట్టాను. "తప్పెవరిది?" అని నేను అడగలేదు. అలా అడిగితే ప్రతివాళ్ళూ ప్లీడర్లయిపోతారు. ఒక షరతు మాత్రం పెట్టాను. ఒకరు చెబుతుంటే రెండోవాళ్ళు అడ్డురాకూడదు. విన్న తరువాత ఆ మాటల్నే తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే," అని మొదటివాళ్ళు ఒప్పుకుంటేనే రెండోవాళ్ళ వంతు వస్తుంది.

ఎర్ర రిబ్బను పిల్ల మొదలుపెట్టింది: "తొక్కుడుబిళ్ళలో అది గీత తొక్కింది మాస్టారూ. తొక్కలేదని దబాయించింది."

పొడుగు జడ పిల్లను ఆ మాటే తిరిగి చెప్పమన్నాను. "నేను గీత తొక్కానని అబద్ధం ఆడుతోంది," అన్నది.

"నేనలా అన్లేదు!" అన్నది మొదటి పిల్ల.

మూడుసార్లకు గాని సరిగా చెప్పలేకపోయింది. తరువాత తన వంతు వచ్చింది. "అది ఔటయినప్పుడు నేను మెల్లిగా చెబుతాను మాస్టారూ. నేను ఔటయితే మాత్రం అందరిముందూ 'తొండిమొహం' అని అరిచింది. మగపిల్లలంతా నవ్వారు," అన్నది.

ఎర్ర రిబ్బను పిల్ల ఈ మాటల్ని తిరిగి చెప్పబోయింది. "నేను అందరిముందూ అరిచానని..." అని ఆగిపోయింది. తల వంచుకున్నది. చూశారా పిల్లలూ! అసలు బాధ గీత దగ్గర లేదు, నలుగురిముందూ అరవటంలో ఉంది. నాలుగు రోజులబట్టి ఇద్దరూ గీతను గురించే పోట్లాడుతున్నారు గనక ఆ సంగతి ఇద్దరికీ తెలియలేదు.

అప్పుడు మనవరాల్ని అడిగాను: "నీ సంగతేమిటమ్మా?"

"ఇద్దరూ నన్నే అడుగుతారు మాస్టారూ. అది తొక్కిందా లేదా చెప్పు, నువ్వెవరి జట్టో చెప్పు అంటారు. నేనప్పుడు అటు చూడలేదు. చూడలేదంటే ఇద్దరూ నమ్మరు. అన్నం దగ్గర ఒకరి పక్కన కూర్చుంటే రెండోవాళ్ళకి కోపం," అన్నది. ఇదీ ఆ పిల్ల కడుపునొప్పి! పోట్లాడుకున్న ఇద్దరూ రోజూ బడికి వస్తూనే ఉన్నారు. పోట్లాడనిదే బడి మానేస్తున్నది.

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆ పిల్లే అన్నది: "మా ఇంట్లో పండక్కి తెచ్చిన ముగ్గు మిగిలింది. గళ్ళు ముగ్గుతో గీద్దాం. తొక్కితే కాలికి అంటుకుంటుంది. అప్పుడు నన్నడగక్కర్లేదు."

మర్నాడు తొక్కుడుబిళ్ళ గళ్ళు తెల్లగా మెరిశాయి. నేను ఎవరి చేతా క్షమాపణ చెప్పించలేదు, బలవంతాన చేతులు కలిపించలేదు. రెండు రోజులు ఆ ఇద్దరూ ఆటకు కావలసినంత మటుకే మాట్లాడుకున్నారు. మూడోరోజున అన్నం వరసలో ముగ్గురూ ఒకచోట కూర్చున్నారు. వాము నీళ్ళతో మళ్ళీ పనిపడలేదు.

ఆటకు నియమాలు ఎక్కణ్ణించి వస్తాయి? ఈ ప్రశ్న స్విట్జర్లాండు దేశంలో జీన్ పియాజే అనే శాస్త్రవేత్తకు కూడా వచ్చింది. ఆయన గోళీలాడే పిల్లల దగ్గరకు వెళ్ళి, తనకు ఆట రానట్టుగా, "నాకు నేర్పండి," అని అడిగేవాడు. "ఈ నియమాలు ఎవరు పెట్టారు? మార్చవచ్చా?" అని ప్రశ్నలు వేసేవాడు. నియమాలు పెద్దవాళ్ళు పెట్టినవనీ, మార్చరాదనీ చిన్నపిల్లలు చెప్పేవాళ్ళు. పదేళ్ళూ ఆ పైనా ఉన్నవాళ్ళు, ఆడేవాళ్ళంతా ఒప్పుకుంటే మార్చవచ్చునని చెప్పేవాళ్ళు. ఈ సంగతులతో ఆయన 1932లో ఒక పుస్తకం ప్రకటించాడు. ముగ్గుతో గీయాలన్న నియమం కూడా ఏ పంతులూ పెట్టింది కాదు. ముగ్గురు పిల్లలు కూర్చుని ఒప్పుకున్నది.

తగువుపడి తిరిగి కలుసుకోవటం మనుషులకే తెలుసుననుకోకండి. నెదర్లాండ్సు దేశంలో ఆర్నెమ్ అనే పట్టణంలోని జంతుప్రదర్శనశాలలో చింపాంజీల గుంపు ఒకటి ఉండేది. ఫ్రాన్స్ డి వాల్ అనే శాస్త్రవేత్త వాటిని ఓపికగా గమనించాడు. పోట్లాడుకున్న రెండు చింపాంజీలు కొంతసేపటికి తిరిగి దగ్గరకు చేరేవి. ఒకటి చెయ్యి చాచేది. రెండూ కౌగలించుకునేవి, ముద్దు పెట్టుకునేవి. ఈ విషయం 1979లో లోకానికి వెల్లడి అయింది. ఒక్కొక్కసారి అలిగి కూర్చున్న రెండు మగ చింపాంజీల మధ్యకు ఒక ఆడ చింపాంజీ వచ్చి, వాటిని దగ్గరకు చేర్చటం కూడా ఆయన చూశాడు. అది "నువ్వెవరి జట్టు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు సుమా!

కాబట్టి మీకు తగువు వచ్చినప్పుడు ముందు కొంచెం ఆగండి. కోపం మండుతున్నప్పుడు ఎవరి మాటా చెవికెక్కదు. మంచినీళ్ళు తాగి రండి. తరువాత, "నువ్వు ఎప్పుడూ ఇంతే," అనటం మాని, "అందరిముందూ అలా అన్నావు, నాకు బాధ వేసింది," అని జరిగింది చెప్పండి. ఆవలివాళ్ళ మాటను కూడా ఒకసారి తిరిగి చెప్పి చూడండి. ఇది ఎక్కాలకన్నా కష్టం. నేర్చుకుంటే వస్తుంది.

తగువు మీది కాకపోతే, "నాకు మీరిద్దరూ కావాలి," అని చెప్పండి. ఒకరి మాటలు రెండోవారికి మోయకండి.

ఒక ముఖ్యమైన సంగతి. ఇద్దరు సమానంగా పోట్లాడుకోవటం వేరు. నలుగురు చేరి ఒకర్ని రోజూ ఏడిపించటం, కొట్టటం, డబ్బులు లాక్కోవటం, ఎవరూ మాట్లాడకుండా కట్టుబాటు చెయ్యటం వేరు. అది స్నేహితుల తగువు కాదు, దౌర్జన్యం. దాన్ని మీరు తీర్చలేరు. వెంటనే పంతులుగారికో, అమ్మానాన్నలకో చెప్పాలి. అలా చెప్పటం చాడీ కాదు. ఒకర్ని శిక్షింపజేసి సంతోషించటానికి చెప్పేది చాడీ. ఒకర్ని కాపాడటానికి చెప్పేది సాయం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ఒక మాట చెప్పండి. పిల్లల తగువు వినండి, కాని దాన్ని పట్టుకుని ఎదుటి ఇంటిమీదికి పోకండి. పిల్లలు సాయంత్రానికి మళ్ళీ గోళీలాడుకుంటూ ఉంటారు. వాళ్ళకోసం తగువుపడిన పెద్దలు మాత్రం ఏళ్ళతరబడి ఒకరి గుమ్మం ఒకరు తొక్కకపోవటం నేను చూశాను.

రేపు మీ బడిలో మధ్యాహ్నం అన్నం వేళ ఒకసారి వరస అంతా చూడండి. నిన్నటిదాకా ఎవరితోనో కూర్చుని, ఇవాళ ఒంటరిగా తింటున్నవాళ్ళు ఎవరయినా కనిపిస్తే, ఏమయిందని అప్పుడే అడగకండి. మీ పళ్ళెం తీసుకుని వెళ్ళి పక్కన కూర్చోండి. చెప్పాలనిపించినప్పుడు వాళ్ళే చెబుతారు.