రోచెస్టర్ బొమ్మల కొలువు

పిల్లలూ! న్యూయార్క్ అనగానే మీకు ఆకాశాన్నంటే మేడలూ, సముద్రంలో దివిటీ పట్టుకొని నిలబడిన విగ్రహమూ గుర్తుకు వస్తాయి. కాని న్యూయార్క్ ఒక నగరం పేరే కాదు. అది ఒక రాష్ట్రం పేరు కూడా. ఈ నెల మనం ఆ రాష్ట్రంలోనే ఉన్న రోచెస్టర్ అనే ఊరికి పోదాం, రండి.

న్యూయార్క్ నగరంలో రైలెక్కితే ముందు హడ్సన్ నది ఒడ్డునే ఉత్తరంగా పోతాము. ఆల్బనీ దాటాక రైలు పడమటికి తిరుగుతుంది. మొత్తం సుమారు 7 గంటల ప్రయాణం. రోచెస్టర్‌కు ఉత్తరాన ఆంటేరియో అనే పెద్ద సరస్సు ఉన్నది. ఊరి నడిబొడ్డున జెనెసీ నది 90 అడుగులకు పైగా ఎత్తునుండి కిందికి దూకుతుంది. ఒకప్పుడు ఆ నీటి బలంతో ఇక్కడ పిండిమరలు తిరిగేవి. కోడాక్ కెమేరాలను లోకానికిచ్చిన జార్జి ఈస్ట్‌మన్ ఊరు కూడా ఇదే.

అయితే మనం వచ్చింది జలపాతం కోసమూ కాదు, కెమేరాల కోసమూ కాదు. ఈ ఊళ్ళో ఆటలకు సంబంధించిన ఒక పెద్ద మ్యూజియం ఉన్నది. దాని పేరు స్ట్రాంగ్ మ్యూజియం. లోపల 1918 నాటి రంగులరాట్నం ఇంకా పిల్లలను ఎక్కించుకొని తిరుగుతున్నది.

ఈ మ్యూజియం ఒక చిన్న సంచీతో మొదలైనదంటే నమ్ముతారా? 1897లో ఈ ఊళ్ళో మార్గరెట్ వుడ్‌బరీ అనే అమ్మాయి పుట్టింది. కలవారి ఇంట ఏకైక సంతానం. తల్లిదండ్రులు ఆమెను వెంటబెట్టుకొని దేశదేశాలు తిరిగేవారు. ప్రయాణంలో ఆమెకు ఒక చిన్న సంచీ ఇచ్చేవారు. దారిలో ఏ బొమ్మ దొరికినా, ఏ వింత వస్తువు దొరికినా ఆ సంచీలో పట్టాలి. అందుచేత ఆ అమ్మాయికి చిన్న చిన్న వస్తువులంటే ఇష్టం పెరిగింది. పెద్దదై, మార్గరెట్ స్ట్రాంగ్ అయిన తరువాత కూడా ఆ ఇష్టం పోలేదు. బొమ్మలు వేలకు వేలు పోగయ్యాయి. 1969లో చనిపోతూ ఆమె తన బొమ్మలనూ, ఆస్తినీ మ్యూజియానికే వదిలిపోయింది. 1982లో దాని తలుపులు ప్రజలకు తెరిచారు.

ఈ మ్యూజియంలోనే ఆటవస్తువుల గౌరవమందిరం ఉన్నది. ఇది 1998లో ఆరెగన్ రాష్ట్రంలో మొదలై, 2002లో రోచెస్టర్‌కు వచ్చింది. ప్రతి ఏటా కొన్ని ఆటవస్తువులను ఎంచి ఇక్కడ చేరుస్తారు. 2012లో ఆ గౌరవం పొందినవాటిలో స్టార్ వార్స్ బొమ్మలు ఉన్నాయి. రండి, వాటి ముందు కాసేపు నిలబడదాం.

చూశారా, ఎంత చిన్నవో! ఒక్కొక్కటి మీ అరచేతిలో పడుతుంది. చేతులూ, కాళ్ళూ, తలా కదులుతాయి. ఇవి జార్జి లూకాస్ తీసిన స్టార్ వార్స్ సినిమాలోని పాత్రలు. అంతరిక్ష నౌకలూ, మరమనుషులూ, నక్షత్రాల నడుమ యుద్ధాలూ ఉన్న కథ అది. 1977 మే 25న ఆ సినిమా విడుదలైంది. బొమ్మలు చేసే హక్కు సిన్‌సినాటీ నగరంలోని కెన్నర్ కంపెనీకి దక్కింది. సినిమాకు జనం విరగబడి వచ్చారు. పిల్లలు బొమ్మలు కావాలని మారాం చేశారు. కాని అచ్చులు పోయడానికీ, రంగులు వేయడానికీ వ్యవధి కావాలి కదా! క్రిస్మస్ పండుగ దగ్గరకు వచ్చింది. బొమ్మలు మాత్రం తయారు కాలేదు.

అప్పుడు కంపెనీవారు ఏమి చేశారో తెలుసా? బొమ్మలు లేని అట్టపొట్లం అమ్మారు! అందులో బొమ్మలను నిలబెట్టుకోవడానికి ఒక రంగుల అట్టా, కొన్ని అంటించుకొనే బొమ్మకాగితాలూ, ఒక చీటీ ఉన్నాయి. ఆ చీటీ పోస్టులో పంపితే 1978లో 4 బొమ్మలు ఇంటికి వస్తాయి. ఆ ఏడు పండుగనాడు ఎందరో పిల్లలు ఆ అట్టను మన బొమ్మలకొలువు మెట్టులాగా బల్లమీద నిలబెట్టి, రాబోయే బొమ్మలను ఊహించుకుంటూ కూర్చున్నారు.

ఇక బొమ్మ ఎత్తు సంగతి. చాలా బొమ్మలు 3¾ అంగుళాలు. ఎందుకింత చిన్నవి? లెక్క వేద్దాం. అంతకుముందు 1964లో వచ్చిన జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మ 12 అంగుళాలు. అంటే ఇది దానిలో మూడోవంతుకంటె ఏ కొంచెమో తక్కువ. స్టార్ వార్స్ కథంతా నౌకలలో జరుగుతుంది. బొమ్మను నౌకలో కూర్చోబెట్టలేకపోతే ఆట సాగదు. చిన్న బొమ్మకు 20 అంగుళాల నౌక సరిపోతుందనుకోండి. 12 అంగుళాల బొమ్మకు అటువంటి నౌకే కావాలంటే 64 అంగుళాలు ఉండాలి. అనగా 5 అడుగుల 4 అంగుళాలు! దానిని ఏ ఇంట్లో పెట్టగలరు? ఎవరు కొనగలరు? బొమ్మ చిన్నదయింది కనుకనే నౌకలూ, కోటలూ పిల్లల చేతికి అందాయి.

ఈ బొమ్మలతో ఆడుకొన్న పిల్లలు పెద్దవారయ్యారు. చాలామంది ఇప్పుడు వాటినే వెదికి వెదికి కూడబెడుతున్నారు. ఇది కూడా ఒక విద్యే. జావా అనే ఎడారి మరుగుజ్జు బొమ్మకు మొదట ప్లాస్టిక్ అంగీ వేశారు. త్వరలోనే దానిని మాని గుడ్డ అంగీ వేశారు. ప్లాస్టిక్ అంగీది అరుదు గనుక వెల ఎక్కువ. అందుచేత మోసగాళ్ళు వేరొక బొమ్మ అంగీని కత్తిరించి జావాకు తొడిగి అమ్ముతారు. బాగా తెలిసినవాడు అంచులు చూసి పట్టేస్తాడు. నౌకలకు ఇంకొక శత్రువు ఎండ. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలితే తెల్లని ప్లాస్టిక్ పసుపు తిరుగుతుంది.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. అట్టమీదినుంచి విప్పని పాత బొమ్మకు వెల ఎక్కువ. ఆడుకొన్న బొమ్మకు తక్కువ. అట్లాగైతే ఆ పిల్లలు పొట్లాలు విప్పకుండా దాచి ఉండవలసిందా?

తొందరపడి జవాబు చెప్పకండి. ఆనాడు పిల్లలందరూ దాచి ఉంటే, ఈనాడు విప్పని బొమ్మలు బస్తాలకొద్దీ ఉండేవి. అప్పుడు వాటిని ఎవరు ఎక్కువ వెలకు కొంటారు? లక్షలమంది విప్పి ఆడి, చిన్న చిన్న కత్తులూ, తుపాకులూ ఇసుకలో పోగొట్టుకొన్నారు గనుకనే మిగిలినవి అరుదైనాయి. దీనికి రుజువు కూడా ఉన్నది. 1995లో కెన్నర్ కంపెనీ మళ్ళీ స్టార్ వార్స్ బొమ్మలు చేసింది. ఈసారి పెద్దవాళ్ళు వెల పెరుగుతుందని పొట్లాలకు పొట్లాలు కొని అటకలమీద దాచారు. అందరూ దాచారు గనుక ఆ బొమ్మలలో చాలావాటికి వెల పెరగనేలేదు. ఇటు ఆటా లేదు, అటు లాభమూ లేదు!

మరొక సంగతి వినండి. 1979లో బోబా ఫెట్ అనే బొమ్మ వీపునుండి చిన్న రాకెట్టు ఎగిరేటట్టు చేయాలనుకొన్నారు. కాని అంతకు కొద్దికాలం ముందే వేరొక బొమ్మ నౌకనుండి వెలువడిన ముక్క గొంతులో చిక్కి ఒక పసివాడు చనిపోయాడు. అందుచేత రాకెట్టు ఎగరకుండా అంటించి, ఆ బొమ్మనే పిల్లలకు పంపారు. పరీక్షకోసం చేసిన నమూనాలు మాత్రం కొన్ని మిగిలాయి. వాటిలో ఒకటి 2024లో వేలంలో 5,25,000 డాలర్లకు పోయింది. అంత వెల పలికిన బొమ్మతో ఆడుకొన్న పిల్లవాడు ఒక్కడూ లేడు. మీ ఇంట్లో పసిపిల్లలు ఉంటే చిన్న ముక్కలున్న బొమ్మలు వారి చేతికి అందనివ్వకండి.

గౌరవమందిరంలో చోటివ్వడానికి వెల చూడరు. తరతరాలుగా నిలిచిందా, పిల్లలకు కొత్త ఊహలు కలిగించిందా అని చూస్తారు. అందుకే ఇక్కడ 2005లో చేర్చిన అట్టపెట్టె ఉన్నది. 2008లో చేర్చిన కర్రపుల్ల ఉన్నది! స్టార్ వార్స్ బొమ్మకు ఎంత గౌరవమో పుల్లకూ అంతే గౌరవం.

మీరు కూడా బొమ్మలు కూడబెట్టండి, తప్పులేదు. ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ప్రతి బొమ్మ ఏ ఏడు వచ్చినదీ, ఎవరిచ్చినదీ, ఎక్కడ తయారైనదీ రాసుకోండి. అప్పుడది ఉట్టి పోగు కాదు, సేకరణ అవుతుంది. ఎండ తగలని చోట పెట్టండి. సెలవు రోజున మాత్రం అన్నింటినీ దింపి ఆడండి. నౌక లేదని బెంగ వద్దు. మీ అరచేతి బొమ్మ పొడుగు అంగుళాలలో కొలిచి, అది కూర్చోవడానికి వీలైన నౌకను ఖాళీ అట్టపెట్టెతో చేయండి. ముందు లెక్క వేసుకొని, తరువాత కత్తెర పట్టండి.