మజిలీ ఎక్కడ?

దూరప్రయాణం చెయ్యదలచినవాళ్ళు ముందుగా ఆలోచించవలసినది ఎక్కడికి చేరాలి అని కాదు. రాత్రి ఎక్కడ ఆగాలి అని. ఈ ఆగే చోటుకు మన భాషలో మజిలీ అని మంచి మాట ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి "కాశీమజిలీ కథలు"లో గురువు మజిలీ మజిలీకి ఒక కథ చెబుతూ శిష్యుణ్ణి కాశీకి నడిపించుకుపోతాడు. అది కల్పన. కాని ఏనుగుల వీరాస్వామయ్యగారు నిజంగానే 1830 మే నెలలో చెన్నపట్నంనుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఏ వూళ్ళో దిగారో, అక్కడ నీళ్ళూ, సరుకులూ, వసతీ ఎలా ఉన్నాయో ఆయన తన "కాశీయాత్ర చరిత్ర"లో రాసిపెట్టారు. తన వెనక వచ్చేవాళ్ళకు అవి ఎంత అవసరమో ఆయనకు తెలుసు.

"ఆ రోజుల్లో పల్లకీలూ, కాలినడకా కనక మజిలీలు కావలసివచ్చాయి. ఇప్పుడు కార్లున్నాయి గదా!" అని మీరనవచ్చు. మా అల్లుడు కూడా సరిగ్గా అదే మాట అన్నాడు.

మా అమ్మాయీ, అల్లుడూ లండను దగ్గర ఉంటారు. ఒక ఏడాది నేనూ, మా ఆవిడా చలికాలంలో వాళ్ళ ఇంటికి వెళ్ళాము. ఇంగ్లండులో ఫిబ్రవరి నెల మధ్య బళ్ళకు వారం రోజులు సెలవిస్తారు. ఆ సెలవుల్లో అందరమూ కారులో ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ కొండలకు వెళ్ళి, పిల్లలకు స్కీయింగు నేర్పించాలని అనుకున్నారు. స్కీయింగు అంటే కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచుమీద జారటం. కొండమీద లా రోజియేర్ అనే వూళ్ళో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అక్కడి అద్దె ఇళ్ళు చాలావరకు శనివారంనుంచి శనివారందాకా ఇస్తారు.

వాళ్ళ ఇంటినుంచి ఆ వూరు వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మా అల్లుడు చెప్పిన ఉపాయం ఇది: "శుక్రవారం బడి వదలగానే బయలుదేరుదాం, మామయ్యగారూ. రాత్రంతా నేను నడిపేస్తాను. పిల్లలు వెనక నిద్రపోతారు. తెల్లవారేసరికి కొండలు కనబడతాయి. హోటలు ఖర్చు కలిసివస్తుంది."

వినటానికి బాగానే ఉంది. కాని మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. కిందటి ఏడు వాళ్ళ స్నేహితుడొకాయన ఇలాగే రాత్రంతా నడుపుతూ తెల్లవారుజామున ఒక్క క్షణం కునుకు తీశాడట. కారు రోడ్డు పక్కన ఉన్న ఇనపకమ్మీకి రాసుకుపోయింది. దైవవశాన ఎవరికీ దెబ్బలు తగలలేదు.

మా మనవరాలికి పదకొండేళ్ళు. దానికి లెక్కలంటే సరదా. అది కాగితం, పెన్సిలు తెచ్చుకుని కూచున్నది. ఫ్రాన్సులో పెద్ద రహదారుల మీద గంటకు 130 కిలోమీటర్ల వేగం దాకా పోవచ్చు. వాన పడుతుంటే 110 దాటకూడదు. గంటకు 130 కిలోమీటర్లంటే సెకండుకు 36 మీటర్లు. మూడు సెకండ్లు కళ్ళు మూతపడితే కారు 108 మీటర్లు పోతుంది. అంటే ఒక ఫుట్‌బాలు మైదానం పొడుగునా, నడిపేవాడు లేకుండా, కారు తనంతట తానే పరిగెత్తుతుందన్నమాట!

ఆ లెక్క చూశాక మా అల్లుడు కొంచెంసేపు మాట్లాడలేదు.

మన శరీరంలో ఒక గడియారం ఉంటుంది. అర్ధరాత్రి దాటాక, ముఖ్యంగా 2 గంటలకూ 6 గంటలకూ మధ్య, అది మనని నిద్రపొమ్మని బలవంతం చేస్తుంది. మధ్యాహ్నం భోజనం తరవాత కూడా కొంచెం అలాగే ఉంటుంది. కాఫీ తాగితే ఆ నిద్ర కాస్త వెనక్కు జరుగుతుంది గాని పోదు. అద్దాలు దించుకున్నా, పాటలు పెట్టుకున్నా లాభం లేదు. నిద్రకు మందు నిద్రే. పూర్వం మజిలీ దూరాన్ని కాళ్ళు నిర్ణయించేవి. ఇప్పుడు కళ్ళు నిర్ణయిస్తాయి.

మర్నాడు సాయంకాలం బల్లమీద పటం పరిచి అందరమూ చుట్టూ చేరాము. మనవరాలు దారి పొడుగునా దారం పెట్టి, సరిగ్గా సగంలో చుక్క పెట్టింది. "ఇదే మజిలీ, తాతయ్యా!" అన్నది.

"సగం దూరం అంటే సగం కష్టం కాదమ్మా," అన్నాను నేను. దారిలో మొదటి భాగమంతా చదును నేల, వెడల్పయిన రోడ్డు. చివరి భాగంలోనే కొండలు, మలుపులు, మంచు. అందుచేత రెండో భాగం దూరంలో చిన్నదిగా ఉండాలి. దాన్ని పగటివేళ, బాగా నిద్రపోయి లేచిన మనిషి నడపాలి.

మరొక చిక్కు కూడా ఉన్నది. శనివారంనాడు వేలాది కుటుంబాలు కొండ దిగుతాయి, వేలాది కుటుంబాలు ఎక్కుతాయి. పైకి పోయే లోయ ఇరుకు. ఫ్రాన్సు ప్రభుత్వం 1976నుంచి "బిజోఁ ఫ్యుటే" అనే పేరుతో రోడ్ల రద్దీ ముందే చెబుతున్నది. ఆ పేరుకు తెలివిగల అడవిదున్న అని అర్థం! రద్దీ మామూలుగా ఉంటే ఆకుపచ్చ, ఎక్కువైతే నారింజ, ఇంకా ఎక్కువైతే ఎరుపు, మరీ దుర్భరమైతే నలుపు రంగు చూపిస్తారు. సెలవుల్లో శనివారాలు తరచు నారింజగానో ఎర్రగానో ఉంటాయి.

"అయితే ఆదివారం ఎక్కుదాం," అన్నది మా అమ్మాయి.

"శనివారం రాత్రికి కూడా ఇంటి అద్దె కట్టాం గదా! ఉత్తపుణ్యానికి పోతుంది. పైగా రెండు రాత్రులు హోటళ్ళు!" అన్నాడు అల్లుడు.

అతని మాటలోనూ న్యాయం లేకపోలేదు. డబ్బు ఊరికే రాదు. అయితే కారులో అందరికన్నా ఓపిక తక్కువగలవాళ్ళు ఎవరో చూసుకుని మజిలీ పెట్టుకోవాలి. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. రెండు గంటలకు మించి కూచుంటే లేవలేదు. ఆరేళ్ళ మనవడికి కారులో కడుపులో తిప్పుతుంది. ఎందుకంటే, చెవిలోపల ఉండే ఒక అవయవం "మనం కదులుతున్నాం" అని మెదడుకు చెబుతుంది. కారులో బొమ్మల పుస్తకం చూసే కళ్ళు మటుకు "కదలటం లేదు" అంటాయి. ఈ రెండు కబుర్లూ పొసగక వికారం పుడుతుంది. దూరంగా బయటికి చూస్తూ ఉంటే, మధ్య మధ్య దిగి నడుస్తూ ఉంటే తగ్గుతుంది. చివరికి అల్లుడే, "సరే, ఒక రాత్రి అద్దె పోతే పోయింది. రెండు మజిలీలు," అన్నాడు.

రెండు మజిలీలూ ఒకే రకం కాదు. మొదటిది నిద్ర మజిలీ. శుక్రవారం రాత్రి పొద్దుపోయి చేరతాము కనక ఆ వూరు ఎంత అందమైనదైనా మనకు కనబడదు. అది పెద్దరోడ్డుకు దగ్గరగా ఉండాలి, కారు పెట్టుకునేందుకు చోటుండాలి, ఆలస్యంగా వెళ్ళినా తాళంచెవి ఇచ్చే మనిషి ఉండాలి, అమ్మమ్మకు కింది అంతస్తులో గది కావాలి. రెండోది చూసే మజిలీ. అక్కడికి పొద్దుండగానే చేరాలి. కారు వదిలి వూళ్ళో నడవటానికి వీలుండాలి. ఎలెక్ట్రిక్ కార్లున్నవాళ్ళు ఇంకొకటి కూడా చూసుకోవాలి: కారు రాత్రంతా చార్జింగు పెట్టుకునే సదుపాయం. చలిలో బాటరీ మామూలుకన్నా తక్కువ దూరం నడుస్తుంది.

శుక్రవారం ఫోక్‌స్టన్ అనే చోట కారుతో సహా రైలెక్కాము. 1994లో తెరిచిన ఈ సొరంగం పొడుగు 50 కిలోమీటర్లు. అందులో సుమారు 38 కిలోమీటర్లు సముద్రం అడుగున ఉన్నది. మనం కారులోనే కూచుని ఉండగా 35 నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరుస్తారు. మా ఆవిడ చేసిన పులిహోర అక్కడే తిన్నాము. మరొక గంటలో బెతూన్ అనే వూరు చేరి పడుకున్నాము.

ఆ వూరే ఎందుకు ఎంచుకున్నామో చెబుతాను. దానికి చేరువలో నవ్ షాపెల్ అనే పల్లె ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 మార్చిలో, మన దేశపు సిపాయిలు అక్కడ పోరాడారు. ఆ యుద్ధంలో పశ్చిమ రంగంలో చనిపోయి, సమాధి ఎక్కడో తెలియకుండా పోయిన 4,700మందికి పైగా భారత సైనికుల పేర్లు అక్కడి స్మారకచిహ్నం మీద చెక్కి ఉన్నాయి. దాన్ని 1927లో ప్రారంభించారు. పొద్దున్నే వెళ్ళాము. చలిగాలి కొడుతున్నది. మనవడు గోడ వెంట నడుస్తూ, "తాతయ్యా, వీళ్ళకు ఇక్కడ చలి వెయ్యలేదా?" అని అడిగాడు. "చాలా వేసింది, నాయనా," అన్నాను. తరవాత చాలాదూరం కారులో ఎవరమూ మాట్లాడలేదు.

ఆ రోజంతా చదును నేలమీదే ప్రయాణం. ప్రతి రెండు గంటలకూ దిగాము. అమ్మాయీ, అల్లుడూ వంతులవారీగా నడిపారు. మధ్యాహ్నం రాన్స్ నగరంలో ఆగి, పూర్వం ఫ్రాన్సు రాజులకు పట్టాభిషేకాలు జరిగిన చర్చి చూశాము. నాలుగు దాటాక, ఇంకా వెలుతురుండగానే, బోన్ చేరాము. ఫ్రాన్సు ఒడ్డున ఉన్న కాలేనుంచి బోన్‌కు సుమారు 600 కిలోమీటర్లు. హైదరాబాదునుంచి విశాఖపట్నమంత దూరం.

బోన్‌లో 1443లో నికొలా రోలఁ అనే మంత్రి, ఆయన భార్యా కలిసి స్థాపించిన ధర్మాసుపత్రి ఉన్నది. యుద్ధాలూ కరువులూ చూసి బీదవారికోసం కట్టించారు. దాని కప్పు మీద రంగురంగుల పెంకులు నేత చీరలో అల్లికలాగా మెరుస్తాయి. లోపల పెద్ద సావడిలో వరసగా మంచాలు, వాటికి ఎర్రని తెరలు. ఇప్పుడది మ్యూజియం. 15వ శతాబ్దంలో బీదవాడికి ఇంత అందమైన చోట మంచం ఇచ్చారంటే ఆశ్చర్యం వేసింది. ఆ రాత్రి అందరమూ తొమ్మిదింటికే నిద్రపోయాము.

ఆదివారం ఇంకా 350 కిలోమీటర్లు మిగిలింది. 1992లో శీతాకాలపు ఒలింపిక్ పోటీలు జరిగిన అల్బేర్‌విల్ దాటి, లోయలోపలికి వెళ్ళి, బూర్ సెన్ మోరిస్ చేరాము. అక్కడినుంచి లా రోజియేర్‌కు ఘాట్‌రోడ్డు. అది సముద్రమట్టానికి 1,850 మీటర్ల ఎత్తున ఉన్నది. సగటున ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద వానగా పడేది పైన మంచుగా పడటానికి కారణం ఇదే.

సగం దారిలో మంచు మొదలైంది. గొలుసు చుట్టిన చక్రం బొమ్మ ఉన్న గుండ్రని నీలం పలక కనబడింది. "ఇక్కడినుంచి చక్రాలకు గొలుసులు ఉండి తీరాలి" అని దాని అర్థం. 2021నుంచి ఆ కొండప్రాంతాల్లో నవంబరు 1నుంచి మార్చి 31దాకా చలికాలపు టైర్లు గాని, కారులో గొలుసులు గాని తప్పనిసరి. మా అల్లుడు ఇంటి దగ్గరే ఒకసారి గొలుసులు కట్టి చూసుకున్నాడు. పావుగంటలో పని ముగించి, చేతులు రుద్దుకుంటూ లేచాడు. మా ముందు ఆగిన కారాయన వేళ్ళు కొంకర్లుపోయి కొక్కెం తగిలించలేకుండా ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నడుపుతూ వచ్చాడట. మా అల్లుడు వెళ్ళి ఆయనకు సాయం చేసి వచ్చాడు. ఏమీ అనలేదు. కాని వారం తరవాత తిరుగుప్రయాణానికి పటం తెరిచి, "ఏమమ్మా, మజిలీ ఎక్కడ?" అని మనవరాలిని తానే ముందుగా అడిగాడు.

లా రోజియేర్ పైన చిన్న సెయింట్ బెర్నార్డ్ కనుమ ఉన్నది. ఎత్తు 2,188 మీటర్లు. చలికాలంలో అక్కడికి కార్లు పోవు. ఇటలీకి నడిచి వెళ్ళే బాటసారులకోసం 11వ శతాబ్దంలో బెర్నార్డ్ అనే సాధువు అక్కడా, 2,469 మీటర్ల ఎత్తున్న పెద్ద సెయింట్ బెర్నార్డ్ కనుమలోనూ సత్రాలు పెట్టించాడు. మంచులో దారి తప్పినవాళ్ళను వెతకటానికి పెద్ద సత్రంలోని సన్యాసులు కుక్కలను పెంచారు. వాటిలో బారీ అనే కుక్క నలభైమందికి పైగా ప్రాణాలు కాపాడిందని చెబుతారు. ఆ కొండల్లో మజిలీ అందితే బతుకు, అందకపోతే చావు. ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి గాని నిద్రా, చీకటీ, మంచూ మారలేదు.

మీ ఇంట్లో ఈసారి దూరప్రయాణం అనుకున్నప్పుడు, అరకుకైనా తిరుపతికైనా సరే, మీరూ ఒక పటం, కాస్త దారం తీసుకుని నాన్నగారి పక్కన కూచోండి. కారులో ఎవరికి త్వరగా అలసట వస్తుంది? ఆ రోజు చీకటి ఎన్నింటికి పడుతుంది? దారిలో కష్టమైన భాగం ఏది? ఈ మూడూ అడిగి తెలుసుకోండి. చుక్క ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.