నీలం కనిపిస్తుంది... రాగి కనిపించదు

తంగళ్ళపల్లిలో ఒకప్పుడు నూలుకు రంగులద్దిన పెద్దాయన ఒకరున్నారు. మానేరు దాటితే సిరిసిల్ల, ఎటు చూసినా సాంచాల చప్పుడే. ఆయన మనవడు ఏడో తరగతి. వాడి చేపల తొట్టిలో తెల్లమచ్చల రోగం పుట్టింది. బంగారు చేపల ఒంటినిండా ఉప్పు చల్లినట్టు చుక్కలు! దుకాణంవాళ్లిచ్చిన నీలిమందు వేశారు, తగ్గలేదు. ఎవరో చెప్పారని మైలుతుత్తం కలిపారు. కొలత ఎవరికి తెలుసు? మూడోనాటికి చేపలన్నీ తేలిపోయాయి.

పిల్లాడు పది రోజులు తొట్టి వంక చూడలేదు. తర్వాత ఓ రోజు మెల్లగా అడిగాడు... ‘‘తాతా, గిండ్ల మల్ల చేపలు పోద్దమా?’’

ఇక్కడే పెద్దాయన అనుభవం అక్కరకొచ్చింది. ఆ నీలిమందు మిథిలీన్ బ్లూ. 1876లో హెన్రిచ్ కారో జర్మనీలో దాన్ని తయారు చేసింది బట్టల రంగు కోసమే. రంగు సంగతి ఆయనకు కొట్టిన పిండి. నాలుగుసార్లు జాడిస్తే నీళ్లు తేటపడతాయి. అద్దాల అతుకుల్లోని సిలికాన్‌కు పట్టిన నీలం మాత్రం వదలదు. వదలకపోయినా చేపలకొచ్చిన ముప్పేమీ లేదు. మిగిలిన కాస్త రంగునీ ఫిల్టర్‌లో వేసే యాక్టివేటెడ్ కార్బన్ లాగేస్తుంది. పొయ్యి బొగ్గులతో ఆ పని కాదు.

‘‘నీళ్లు తెల్లగైనయని మందు పోయిందనుకోకు బిడ్డా’’ అన్నాడాయన. మైలుతుత్తం అంటే రాగి. చేపలను, నత్తలను బాధపెట్టేంత రాగి నీళ్లలో ఉన్నా కంటికి ఆనదు. పైగా సున్నపురాయి జాతి గులకరాళ్లకు పట్టుకుని, నీళ్లు పులిసినప్పుడల్లా కొంచెం కొంచెంగా దిగుతుంది. గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజీ పారేయాల్సిందే. పిల్లాడు ముచ్చటపడి ఏరుకున్న రాళ్లు అవి! అయినా తప్పలేదు.

అద్దానికి పట్టిన పొర సంగతి నాయనమ్మ తేల్చింది. ‘‘రాగి చెంబు చిలుము చింతపండుకే పోతది గదా!’’ మాట నిజమే. పులుపు రాగి చిలుమును కరిగిస్తుంది. కాకపోతే చింతపండు గుజ్జు మూలల్లో ఇరుక్కుని కుళ్లుతుంది కనుక వెనిగర్ గుడ్డతో తుడిచి, అరగంట ఆగి, బాగా కడిగారు. సబ్బుపొడి దగ్గరికి రానివ్వలేదు. మంచినీళ్లు నింపి ఒకరోజు ఉంచి పారబోయడం... ఇలా మూడుసార్లు. ఆ నీళ్లు మానేట్లోకో బావి దగ్గరో కాదు, గొడ్లూ కోళ్లూ తిరగని ఎండునేల మీద పోశారు. చివరగా ఎండలో ఆరబెట్టారు. తెల్లమచ్చల పురుగు చేప దొరక్కపోతే ఎక్కువ రోజులు బతకదు, ఆరిపోతే అసలే బతకదు. కాలిన అద్దం మీద చల్లనీళ్లు మాత్రం పోయకూడదు సుమా, పగులుతుంది!

ఈలోగా పక్కింటాయన ఓ సలహా పారేశాడు... కొర్రమీను పిల్లలు పెంచుకుంటే కూరకైనా అయితయి కదా అని. పెద్దాయన ససేమిరా అన్నాడు. చేపల మందుల్లో మలకైట్ గ్రీన్ ఒకటి ఉంటుంది. అదీ ఒకప్పుడు పట్టుకు వేసిన రంగే. తినే చేపలకు దాన్ని చాలా దేశాలు నిషేధించాయి. మందు పడ్డ తొట్టి కూరచేపలకు పనికిరాదు, అంతే.

కడగడం నాలుగు రోజుల పని. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మందు రోగంతోపాటు మేలుచేసే సూక్ష్మజీవులనూ చంపేసింది. చేపల మలమూత్రాల నుంచి పుట్టే అమ్మోనియాను విరిచేది అవే. అవి మళ్లీ పుట్టుకొచ్చేందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పిల్లాడు నల్లానీళ్లను క్లోరిన్ పోయేలా రెండు రోజులు ఆరుబయట పెట్టి తొట్టిలో నింపాడు. రోజూ చిటికెడు మేత వేశాడు. చేపల్లేని తొట్టికి మేత! చెల్లెలు నవ్వింది.

ఆరో వారం దాటాక కరీంనగర్ నుంచి రెండు నత్తలు తెచ్చారు. రాగి ఏ కాస్త మిగిలినా ముందు తట్టుకోలేనివి అవే. కొలిచే కిట్ దొరికితే అదే మేలు, వీళ్లకు దొరకలేదు. మొదటిరోజు నత్తలు ముడుచుకుని కూర్చున్నాయి. రెండోనాడు పొద్దున ఒకటి అద్దం పైదాకా పాకింది. వారం గడిచినా రెండూ బాగానే ఉన్నాయి.

‘‘ఇగ నాలుగు గప్పీలు తెద్దాం. నాలుగే!’’ అన్నాడు తాత. పిల్లాడు ఎనిమిది అడిగాడు.