ఉరుము వినిపించక ముందే

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు సాగితే మిరప చేలు వెనకబడి అడవి మొదలవుతుంది. మే నెలలో ఒక సాయంత్రం ఆ దారిలో ఆగాము. తునికాకు కట్టలు కడుతున్న ఒక పెద్దమ్మ కమ్ముకొస్తున్న మబ్బును చూసి పిల్లలను చెట్టు కిందికి పిలిచింది. మేము వారందరినీ దగ్గరలోని బడికి తీసుకువెళ్లాము.

బంగాళాఖాతపు తేమగాలి ఇక్కడి ఎండవేడికి పైకి లేచి పిడుగుల మేఘమవుతుంది. వాతావరణ శాఖ రాడార్ల సాయంతో రానున్న మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరిస్తుంది. పుణె శాస్త్రవేత్తలు రూపొందించిన ‘దామిని’ యాప్ మన చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలోని పిడుగుల ముప్పును తెలుపుతుంది. కాని సిగ్నల్ లేని అడవిలో ఆ హెచ్చరిక ఎవరికి చేరుతుంది?

అక్కడ లెక్కే ఆధారం. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకన్నా తక్కువ వ్యవధి ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే పడినట్లు. వెంటనే చెట్టును విడిచి పక్కా కట్టడంలోకి చేరాలి. చివరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటికి రాకూడదు.

దివ్య ఖుర్‌ఆన్‌లోని 13వ సూరా పేరు ‘అర్‌రఅద్’, అంటే ఉరుము. ఆ పేరు ఎరిగిన మనం ఈ లెక్కను మన పిల్లలకు నేర్పుదాం. ఫోనులో హెచ్చరిక చూసినవారు, అడవికి వెళ్లిన పొరుగువారికి ఆ కబురు అందించడం మరువరాదు.